శెనక్కాయలు కొమ్మకు కాసినాయంట! (ఏఐతో బొమ్మలు గీయించుకునే రైతులకు నా మాట)

ఈసారి వాన గురించి కాదు, ధర గురించీ కాదు, ఒక బొమ్మ గురించి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే. మాపటేల పనులన్నీ అయినాక తీరిగ్గా చదవండి.

మాది గుంతకల్లు పక్క పల్లె అని మీకు తెలుసు. నాకు రెండెకరాలు ఎర్రనేల, రెండెకరాలు నల్లరేగడి. ఎర్రనేలలో శెనక్కాయ, రేగడిలో పప్పుశనగ. కాయలు మార్కెట్టుకు తోలి ధర అడుక్కునే బదులు కొన్నన్నా నూనె పట్టించి మనమే అమ్ముకుందామని ఎనిమిది మందిమి కలిసినాం. గానుగ పట్టించినాం, డబ్బాలు తెచ్చినాం. ఇంక డబ్బా మీదికి లేబుల్ కావల్ల.

మా సిన్నోడు డిగ్రీ చదువుతున్నాడు. "నాయనా, డిజైనోళ్లకు వేలకు వేలు యాల, ఏఐతో నిమిషంలో అయిపోతుంది" అన్నాడు. ఫోన్ తీసి "బ్యూటిఫుల్ ఇండియన్ ఫార్మర్, గ్రౌండ్‌నట్ ఫామ్, విలేజ్, ప్యూర్ ఆయిల్ లేబుల్" అని కొట్టినాడు. నిమిషం కూడా కాలేదు, బొమ్మ వచ్చేసింది. ఏం మెరుపప్పా అది! పచ్చని చేను, వెనక కొబ్బరిచెట్లు, పక్కన ఏరు. పెద్ద తలపాగా, తెల్లగడ్డంతో ఒక తాత నవ్వుతున్నాడు. ఆయన పక్కన ఎద్దు తిప్పే గానుగ. మూలన బంగారు రంగు ముద్ర. ఎనిమిది మందిమీ చూసి "బ్రహ్మాండం" అన్నాం. ఒక్కోటి నాలుగు రూపాయల లెక్కన ఐదు వందల స్టిక్కర్లు కొట్టించినాం.

ఒక ఆదివారం అనంతపురంలో బల్ల వేసుకుని కూర్చున్నాం. కళ్లద్దాలు పెట్టుకున్న పెద్దాయన ఒకాయన వచ్చినాడు. డబ్బా చేతికి తీసుకున్నాడు, మూత తీసి వాసన చూసినాడు, బాగుందన్నాడు. తర్వాత లేబుల్‌ను కళ్ల దగ్గరికి పెట్టుకుని చూసి మా మొకం చూసినాడు.

"ఏమప్పా, శెనక్కాయలు కొమ్మకు కాస్తాయా? మీరు సేద్యం చేసేటోళ్లేనా, లేకుంటే యాడనో కొనుక్కొచ్చి అమ్ముతున్నారా?"

అప్పుడు చూసినాం. తాత భుజం పక్కన ఒక చెట్టు, దాని కొమ్మకు చింతకాయలు వేలాడినట్టు శెనక్కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. పుట్టినప్పటినుంచి శెనక్కాయ పెరికిన చేతులు మావి. ఎనిమిది మందిలో ఒక్కడూ చూసుకోలేదు. మెరుపు చూసినాం గానీ కాయ యాడ ఉందో చూడలేదు. మేం ఏం చెప్పినా పెద్దాయన వినలేదు, డబ్బా బల్ల మీద పెట్టి పోయినాడు. పక్కన నిలబడిన ఇద్దరు కూడా పెట్టేసి పోయినారు. రెండు వేల రూపాయల స్టిక్కర్లు పోయినందుకు నాకు అంత బాధ లేదు. ఎండలో ఒళ్లు మాడి పండించినోళ్లను పట్టుకుని "మీరు రైతులేనా" అని అడిగినాడే, అది మాత్రం ఇంటికి వచ్చేదాకా బస్సులో నా పక్కనే కూర్చున్నట్టుంది.

తప్పు ఫోన్‌ది కాదు, మాది. మేం ఏం చెప్పినామో అదే గీసింది. మా చేను గురించి మేం ఒక్క ముక్క కూడా చెప్పలేదు కాబట్టి ఎవరి చేనో గీసి ఇచ్చింది.

ఇట్లా ఎందుకు గీస్తుంది

ఏఐకి మనం రాసిచ్చే మాటలను ప్రాంప్టు అంటారు. నాకు మాత్రం మన "పురమాయింపు" అనే మాటే బాగా అతికినట్టు అనిపిస్తుంది. వడ్లాయన దగ్గర గొర్రు చేయించుకునేటప్పుడు "మంచి గొర్రు ఒకటి చెయ్యి" అని వచ్చేస్తామా? ఎన్ని సాళ్లది కావల్లో, సాలుకు సాలుకు ఎంత ఎడం ఉండల్లో, మన ఎద్దులు ఎంత ఎత్తో చెప్తాం. మన ఊరి వడ్లాయనకైతే సగం చెప్పినా తెలుస్తుంది, ఎందుకంటే ఆయన మన నేల చూసినాడు. ఈ ఏఐ మన నేల మీద అడుగు పెట్టలేదు. దానికి సగం చెప్తే మిగతా సగం ఇంకో ఊరి నుంచి తెచ్చి పూడుస్తుంది.

అది నేర్చుకున్న తీరే అంత. ఇంటర్‌నెట్లో ఉండే బొమ్మలను, వాటి పక్కన రాసిన మాటలను జతలు జతలుగా పోగేసి దానికి నేర్పిస్తారు. 2022లో లయన్-5బి అనే అట్లాంటి మూట ఒకటి బయటపెట్టినారు. అందులో 585 కోట్ల జతలున్నాయి. వాటిలో 230 కోట్లకు పైగా ఒక్క ఇంగ్లీషువే. వందకు పైగా వేరే భాషలన్నీ కలిపినా అంతకంటే తక్కువే. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటివి ఆ మూటలో నుంచే నేర్చుకున్నాయి. ఇప్పుడు మీరే చెప్పండి, మన గుంతకల్లు ఎర్రనేల ఫోటో తీసి, దాని కింద "ఇది శెనక్కాయ చేను, కాయలు భూమి లోపల ఉంటాయి" అని రాసి నెట్‌లో పెట్టినోళ్లు ఎంతమంది ఉంటారు? లేని దాన్ని అది యాడ నేర్చుకుంటుంది?

తలపాగా తాత కూడా మా ఒక్కరికే రాలేదు. 2023లో రెస్ట్ ఆఫ్ వరల్డ్ అనే పత్రికవాళ్లు మిడ్‌జర్నీ అనే దానితో 3,000 బొమ్మలు గీయించి చూసినారు. "ఒక భారతీయుడు" అని అడిగితే దాదాపు ప్రతిసారీ గడ్డమున్న ముసలాయనే వచ్చినాడంట. దేశంలో ఇన్ని కోట్ల మందిమి ఉంటే దానికి కనపడింది ఆ ఒక్క తాతే. రైతు అన్నా అంతే, పల్లె అన్నా అంతే. పల్లె అనగానే కొబ్బరిచెట్టు, ఏరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడే మన జిల్లాలో ఏరు పారేది ఎన్ని దినాలు?

రెండోసారి ఏం చెప్పినాం

ఈసారి పిల్లోడు కొట్టలేదు. నేను చెప్తూ పోయినాను, వాడు తెలుగులోనే రాసుకుంటూ పోయినాడు. మీకు పనికొస్తుందని ఆ పురమాయింపు ఉన్నదున్నట్టు పెడుతున్నా:

"నూనె డబ్బా మీద అతికించే లేబుల్‌కు బొమ్మ కావాలి. అడ్డం నాలుగు అంగుళాలు, నిలువు మూడు అంగుళాలు. యాభై ఏండ్ల రైతు చేయి ఒకటి, మోచేతి దాకా కనపడాలి. ఎండకు నల్లబడిన చేయి, ఐదు వేళ్లు, గోళ్లలో మన్ను. ఆ చేతిలో అప్పుడే భూమిలోనుంచి పెరికిన వేరుశనగ మొక్క ఒకటి తలకిందులుగా ఉంది. ఆకులు కిందికి వేలాడుతున్నాయి, వేర్లు పైకి ఉన్నాయి. వేర్ల దగ్గర ఊడలకు చిన్న చిన్న కాయలు గుత్తిగా ఉన్నాయి. ఒక్కో కాయ రెండు గింజలది, నడుమున సన్నం. కాయలకు ఎర్రమన్ను అంటుకుని ఉంది. ఆకుల మధ్య ఆకులు మాత్రమే ఉన్నాయి. వెనక చదునైన ఎర్రనేల, దూరంగా ఎత్తు తక్కువ రాళ్లగుట్ట, గట్టు మీద ఒకే ఒక వేపచెట్టు. చేత్తో గీసిన గీతల బొమ్మలాగా ఉండాలి. రెండే రంగులు: గీతలు ముదురు ఆకుపచ్చ, నేలా కాయలూ ఎర్రమన్ను రంగు. బొమ్మంతా ఎడమ సగంలో ఉండాలి. కుడి సగం ఒట్టి తెల్లకాగితం, అక్షరాలు మేం తర్వాత వేసుకుంటాం."

చివర్లో ఇంకో మాట చేర్చినాం: "గీసే ముందు నువ్వు ఏం అర్థం చేసుకున్నావో తెలుగులో చెప్పు." ఇది చాలా పనికొచ్చే మాట. అది తిరిగి చెప్పినప్పుడు "ఊడలు" అనే దగ్గర మర్రి ఊడలు అనుకుందని తెలిసింది. అప్పుడు "పువ్వు రాలినాక కాడ నుంచి సన్నటి పుల్ల లాంటిది భూమిలోకి దిగుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది" అని విడమర్చి చెప్పినాం. చెప్తావుంటే నాకే అనిపించింది, ఈ మాట నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు గద అని. మనకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకుంటాం.

మొదటిసారి చేతికి ఆరు వేళ్లు వచ్చినాయి. ఐదు అని చెప్పినా వచ్చినాయి! రెండోసారి వేళ్లు సరిగ్గా వచ్చినాయి గానీ కాయలు బెండకాయలంత ఉన్నాయి. మూడోసారి కుదిరింది. దాన్ని మా యమ్మకు చూపించినా. ఆమె చదువుకోలేదు. చూసి "ఇంకా పచ్చిగా ఉన్నాయే కాయలు, అప్పుడే పెరికినారా" అనింది. నాకు ఆ మాట చాలు.

ఎద్దు దగ్గర తగువు

ఇంక అసలు సంగతికి వస్తా. రెండో లేబుల్ గీయించేటప్పుడు మాలో మాకే పెద్ద తగువు అయ్యింది. మా మామ వరసాయన ఒకాయన "అన్నీ మార్చండి గానీ ఎద్దు గానుగ మాత్రం ఉండనీయండి" అన్నాడు. "పట్నపోళ్లకు ఎద్దును చూస్తే నమ్మకం. లీటరుకు ఇంకో యాభై ఎక్కువ అడిగినా ఇస్తారు" అని ఆయన లెక్క. లెక్క తప్పు కాదు, నిజంగానే ఇస్తారు.

కానీ మేం నూనె పట్టించే గానుగ చెక్కదే అయినా తిరిగేది కరెంటు మోటారుతో. యాడ ఉంది ఎద్దు?

"బొమ్మే కద అల్లుడూ, బొమ్మకు సాక్ష్యం ఎవరడుగుతారు" అన్నాడు మామ. నేను ఒక్కటే అడిగినా: "మామా, నోటితో ఎద్దు గానుగ నూనె అని చెప్పి అమ్ముతావా?" "నేను అబద్ధం చెప్పేటోడినా" అని కోపం చేసుకున్నాడు. "మరి నోటితో చెప్పలేనిది బొమ్మతో చెప్పిస్తే అది అబద్ధం కాకుండా పోతుందా?" అన్నా. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఎద్దును తీసేసినాం. మామ రెండు దినాలు మాట్లాడలేదు, మూడో దినం ఆయనే టీకి పిలిచినాడు.

నేను ఈ పోస్టులో చెప్పల్లనుకున్నది ఇదే. ఏఐకి రాసే పురమాయింపు మన సరుకు గురించి కొనేటోడికి మనం ఇచ్చే మాట. తెలియక రాస్తే శెనక్కాయ కొమ్మకు కాస్తుంది, తెలిసి రాస్తే లేని ఎద్దు వస్తుంది. రెండింటిలోనూ పోయేది మన మాటే. బాగా రాయడమంటే కవిత్వం రాయడం కాదు. ఉన్నది ఉన్నట్టు, వివరంగా చెప్పడం. అది మన రైతులకు రాని విద్యేం కాదు. మబ్బు రంగు చూసి వాన చెప్పేటోళ్లం, ఆకు వంకర చూసి పురుగును పసిగట్టేటోళ్లం. మనకున్నంత వివరం ఆ డిజైనర్లకు కూడా ఉండదు. ఉన్నదాన్ని నోరు తెరిచి చెప్పడం అలవాటు చేసుకోవల్ల, అంతే.

నేను నేర్చుకున్న కొన్ని కిటుకులు

1. ముందు దేనికో చెప్పల్ల. లేబులా, సంచి మీద అచ్చా, పండగ బ్యానరా, వాట్సాప్ పోస్టరా అని. కొలత, అడ్డమా నిలువా అనేది కూడా. లేకుంటే చదరంగా గీసిస్తుంది, తర్వాత సాగదీస్తే మనిషి లడ్డు అయిపోతాడు.

2. పేరు చెప్పి వదిలేయొద్దు, రూపం చెప్పల్ల. మనకు కే-6 అంటే చాలు, కదిరి పరిశోధనా కేంద్రం వాళ్ల రకమని తెలుసు. దానికి కే-6 అంటే ఏ రూపమూ తట్టదు. "రెండు గింజల చిన్న కాయ" అంటే గీస్తుంది. గొర్రు, గుంటక, కొట్టం, కల్లం, అన్నీ అంతే. అది యాడ చూసింది పాపం? దేనితో చేసింది, ఎంత ఎత్తు, ఎట్లా ఉంటుంది అనేది చెప్పల్ల.

3. వద్దన్నది చెప్పేకంటే కావలసింది చెప్పడం మేలు. "కొబ్బరిచెట్టు వద్దు" అని రాస్తే ఒక్కోసారి ఆ కొబ్బరిచెట్టు మాటే పట్టుకుని రెండు చెట్లు నాటుతుంది. "గట్టు మీద ఒకే వేపచెట్టు, మిగతా నేలంతా బయలు" అంటే కొబ్బరికి చోటుండదు.

4. వెలుతురు, కాలం చెప్పల్ల. ఊరికే చేను అంటే వానాకాలం పచ్చదనమే వస్తుంది. "ఏప్రిల్ నెల మధ్యాహ్నం, దున్ని పెట్టిన చేను, నీడలు పొట్టిగా" అంటే మన చేను కనపడుతుంది. మన పక్క కొండలెంబడి గాలిమరలు కూడా ఉన్నాయి, ఉండే ఊరోళ్లు అవీ చెప్పండి. మన ఊరు ఇప్పుడు ఎట్లా ఉందో అట్లా కనపడితే తప్పేంది?

5. రంగులు లెక్కపెట్టి చెప్పల్ల. గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగ్ చేయించేటప్పుడు రంగు పెరిగే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఒకటి రెండు రంగులు చాలు. ఏఐ ఇష్టానికి వదిలేస్తే ఇంద్రధనుస్సు ఇస్తుంది, ఆ బిల్లు మనం కట్టల్ల.

6. అక్షరాలు దానితో రాయించొద్దు. ఇప్పుడు కొంచెం మెరుగైంది గానీ మన తెలుగు వత్తులు, గుణింతాల దగ్గర ఇంకా తడబడుతుంది. చూసేదానికి తెలుగు మాదిరే ఉంటుంది, చదవబోతే ఏ భాషా కాదు. ఖాళీ చోటు వదిలించుకుని టౌనులో డీటీపీ సెంటరు పిల్లోడితో అక్షరాలు వేయించుకోండి. ఆ పిల్లోడికీ నాలుగు రూపాయలు వస్తాయి, మనకూ తప్పులుండవు.

7. ఒక్కసారికి ఒక్కటే మార్చమనండి. వేళ్లు, కాయలు, ఆకాశం అన్నీ ఒకేసారి మార్చమంటే బాగున్నవి కూడా పోతాయి. కలుపు తీసేటప్పుడు ఒక్కో సాలు పట్టుకుని పోతాం గద, అట్లా.

8. బొమ్మ డీటీపీకి పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా పంపొద్దు, డాక్యుమెంటుగా పంపండి. ఫోటోగా పంపితే కుదించుకుపోయి అచ్చులో మసకబారుతుంది.

9. అచ్చుకు ఇచ్చే ముందు పెద్దది చేసి మూల మూలా చూడండి. మెరుపును కాదు, వేళ్లు, ఎద్దు కాళ్లు, కాయలు, ఆకులు లెక్కపెట్టండి. మీరు చూసినాక ఇంట్లో ఆడోళ్లకు చూపించండి. మా శెనక్కాయ కొమ్మను మా ఇంటామెకు ముందే చూపించి ఉంటే రెండు వేలు మిగిలేవి.

ముద్రల సంగతి జాగ్రత్త

మొదటి బొమ్మలో మూలన బంగారు ముద్ర వచ్చిందన్నా గద. మేం అడగలేదు. "ప్యూర్" అనే మాట విని అదే వేసింది. ఇట్లా అడక్కుండానే "నూరు శాతం స్వచ్ఛం", "సేంద్రియం" లాంటి బిళ్లలు అతికిస్తుంది. అవి చూసి మురిసిపోవద్దు. సేంద్రియ ముద్ర వేసుకోవల్లంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్-ఇండియా గానీ ధ్రువీకరణ ఉండల్ల. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 14 అంకెలది, మనకు వచ్చిన నంబరే వేయల్ల, ఏఐ కల్పించింది కాదు. శాకాహారం గుర్తు, అంటే పచ్చ చదరంలో పచ్చ చుక్క, తూకం, తయారైన తేదీ, ధర, మన చిరునామా, ఇవన్నీ డీటీపీలో మనం దగ్గరుండి వేయించుకునేవి. బొమ్మ తప్పైతే నవ్వుతారు. ఇవి తప్పైతే కేసు అవుతుంది.

తోలుబొమ్మ జోలికి పోయినాం, వెనక్కి వచ్చినాం

మధ్యలో మావోడికి ఇంకో ఆలోచన వచ్చింది. మన జిల్లాల గుర్తుగా ఉంటుంది, తోలుబొమ్మలాట తీరులో రైతును గీయిద్దామన్నాడు. ధర్మవరం పక్క నిమ్మలకుంట తోలుబొమ్మలు మీకు తెలిసినవే. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. సరేనని అడిగినాం. వచ్చిన బొమ్మకు సన్నటి పొడుగు ముక్కు, పుల్లల్లాంటి చేతులు. పిల్లోడు నెట్‌లో వెతికి చూస్తే అది ఇండోనేషియా తోలుబొమ్మల పోలిక. తోలుబొమ్మ అంటే ఆ దేశం బొమ్మలే దానికి ఎక్కువ కనపడి ఉంటాయి.

ఇంకా వివరంగా చెప్పి ఉంటే మనవాటి మాదిరి వచ్చి ఉండొచ్చు. కానీ అక్కడ నేనే ఆపినా. మేకతోలు శుభ్రం చేసి, పలచన చేసి, దీపం వెలుగు బయటికి వచ్చేటట్టు సన్నటి రంధ్రాలు కొట్టి, రంగులద్దే పని అది. తరాలుగా ఆ పనిమీద బతికే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. మన శెనక్కాయకు న్యాయమైన ధర రావల్లని అరిచే మనం, వాళ్ల పనితనాన్ని మాత్రం ఫోన్‌లో ఉత్తపుణ్యానికి తీసుకుంటే ఏం న్యాయం? ఆ తీరు కావల్లంటే గుంతకల్లులో రైలెక్కితే ధర్మవరం ఎంతసేపు? పోయి అడిగి, డబ్బులిచ్చి గీయించుకుందాం. ఇప్పటికి మా దగ్గర అంత డబ్బు లేదు కాబట్టి చేయి బొమ్మతోనే సరిపెట్టుకున్నాం. మీలో కొందరికి ఇది చాదస్తం అనిపించొచ్చు. అనిపిస్తే చెప్పండి, కోపం లేదు.

కెమెరా పని కెమెరాకే

చివరి మాట. ఇది లేబుల్ కంటే పెద్దది.

ఈమధ్య కొన్ని గ్రూపుల్లో చేను ఫోటోలని ఏఐ బొమ్మలు తిరుగుతున్నాయి. ఒకాయన మిరపచేను అని పెడతాడు, చెట్టుకు ఆకుల కంటే కాయలే ఎక్కువ. ఇంకొకాయన కరువు అని పెడతాడు, పగుళ్లు తేలిన నేల మీద తల పట్టుకుని కూర్చున్న రైతు. ఎంత చక్కగా ఏడుస్తున్నాడో! జాలిపడి వందలమంది పంచుకుంటారు.

అన్నలారా, మన కరువుకు ఉన్న సాక్ష్యం ఏమిటి? మన చేను ఫోటోనే గద. పంట నమోదు చేసేటప్పుడు చేనులో నిలబడితేనే ఫోటో తీస్తారు. పంట ఎండిపోతే ఆఫీసరుకు చూపించేది ఫోటో. విత్తనం మొలవకపోతే అంగడాయనకు చూపించేది ఫోటో. రేపు ఏ ఫోటో చూసినా "ఇది ఏఐదేమో" అనే కాలం వస్తే మొదట దెబ్బ తినేది ఎవరు? నిజంగా ఎండిపోయిన చేను గట్టున నిలబడినోడే. గీయించిన ఏడుపు ఊరంతా తిరిగితే నిజమైన ఏడుపును నమ్మేటోడు ఉండడు. నాన్నా పులి కత చిన్నప్పుడు అందరం విన్నదే.

అందుకని మా ఎనిమిది మందిమి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. లేబుల్‌కు, సంచికి, కసాపురం స్వామి పరసకు పోయేటోళ్లకు పెట్టే చలివేంద్రం బ్యానరుకు ఏఐ బొమ్మ వాడుకోవచ్చు. చూస్తే అది గీసిన బొమ్మే అని తెలిసేటట్టు ఉండల్ల, అందుకే ఫోటో తీరు కాకుండా గీతల తీరు అడుగుతాం. కొన్ని యాప్‌లు మూలన తమ గుర్తు వేస్తాయి, దాన్ని చెరపం. సరుకు చూపించేటప్పుడు మాత్రం కెమెరానే. నూనె రంగు, కాయ సైజు, చేను, నష్టం, ఇవన్నీ ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పెడతాం. మసకగా వచ్చినా సరే.

"మాకు ఇంగ్లీషు రాదు, ఇవన్నీ మాకెందుకు" అనేటోళ్లకు కూడా ఒక మాట. నేను ఇంటర్‌తో ఆపినోడిని. తెలుగులోనే చెప్తున్నా, దానికి అర్థమవుతోంది. ఎక్కడన్నా అర్థం కాకపోతే "దీన్ని ఇంగ్లీషులో రాసుకో, రాసుకున్నది నాకు తెలుగులో చెప్పు" అంటే చెప్తుంది. మీ పిల్లోళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్లకు ఫోన్ తెలుసు, మీకు చేను తెలుసు. మేం ఆ రెండో పురమాయింపు రాసిన రాత్రి మావోడు నన్ను అడిగిన ప్రశ్నలు డిగ్రీకి వచ్చినాక ఎప్పుడూ అడగలేదు. పువ్వు పూసినాక ఎన్ని దినాలకు ఊడ దిగుతుంది, కాయ ముదిరిందని ఎట్లా తెలుస్తుంది, ఇవన్నీ. బొమ్మ సంగతి అట్లుంచి, నాకు అది ఎక్కువ లాభం.

పోయిన నెల మళ్లీ అనంతపురంలో బల్ల వేసినాం. ఆ పెద్దాయన కోసం చూసినా, రాలేదు. ఇంకో ఆమె వచ్చింది, డబ్బా తిప్పి చూసి "మా నాయన కూడా ఇట్లనే తలకిందులుగా పట్టుకుని కాయలు దులిపేవాడు" అని రెండు లీటర్లు తీసుకుంది. ఎద్దు లేదే అని అడగలేదు. ఎవరన్నా అడిగితే చెప్పేదానికి మా దగ్గర జవాబు ఉంది: మోటారుతో తిప్పే చెక్క గానుగ, రండి చూపిస్తాం అని.

పెద్దాయన ఈ పోస్టు చదివితే, అయ్యా, మేం రైతులమే. శెనక్కాయ భూమిలోనే కాస్తుంది. ఒక ఆదివారం మా బల్ల దగ్గరికి రండి.

మీ ఊర్లో ఎవరన్నా ఇట్లా గీయించుకుని ఉంటే, ఏం చెప్తే ఏం వచ్చిందో రాయండి. తప్పు వచ్చినవి ముందు పెట్టండి. వాటితోనే అందరం నేర్చుకుంటాం.